సుభాన్ భాయ్ బల్లి శాస్త్రం

మా సుభాన్ భాయ్‌కి ఏ మిషన్ బాగుచేయమని ఇచ్చినా కారణం ఒకటే చెబుతాడు. బల్లి. ఫ్రిజ్ చల్లబడకపోతే బల్లి. మిక్సీ తిరగకపోతే బల్లి. ఒకరింట్లో ఏసీ నుంచి నీళ్లు కారుతుంటే అదీ బల్లేనన్నాడు. బల్లికీ నీళ్లకీ ఏం సంబంధమని ఇంటాయన అడిగితే, "దానికి దప్పికై ఉంటుందిలేప్పా" అన్నాడు. బల్లి మనిషి మీద పడితే ఏ ఫలితమో పంచాంగంలో రాశారు గాని, మిషన్‌లో పడితే ఏమవుతుందో రాయలేదు. మదనపల్లెలో ఆ కొరత ఈయన తీరుస్తున్నాడు.

ఊరికే చెప్పడు, చూపిస్తాడు కూడా. మిషన్ వెనక తల దూర్చి, కాసేపు గొణిగి, స్క్రూడ్రైవర్ కొన మీద ఎండిన బల్లిని పెట్టుకుని బయటికొస్తాడు. "సూడప్పా, పాపం ఎట్ల మాడిపోయిందో" అంటాడు. ఇంటివాళ్లు అయ్యో అంటారు. విచారణ అక్కడితో సమాప్తం.

మా బావమరిది దినేష్‌కి టమాటా మార్కెట్ యార్డుకు పోయే దారిలో లాండ్రీ ఉంది. కౌంటర్‌లో కూర్చునేది నేను. ఉతికే మిషన్లు, ఆరబెట్టే డ్రయ్యర్ చూసుకునేది వరలక్ష్మి. దినేష్ మనసు మంచిదే, నోరే మంచిది కాదు. సుభాన్ భాయ్ మాట నమ్మి, బల్లులు రాకుండా షాపంతా కోడిగుడ్డు పెంకులు వేలాడదీశాడు. అవి చూసి, ఇది బట్టలు ఉతికే చోటో దిష్టి తీసే చోటో తెలియక కొత్తవాళ్లు గుమ్మంలోనే ఆగిపోతారు.

డ్రయ్యర్ తలుపు విరిగిన రోజున దినేష్ అందరి ముందూ ఒక మాటన్నాడు. "ఇంకోసారి ఎవరి అజాగ్రత్త వల్లన్నా మిషన్ చెడితే, వాళ్లు ఇంటికి పోవాల్సిందే." అన్నది అందరినీ, చూసింది మాత్రం వరలక్ష్మిని. వాళ్ల ఇల్లు నడిచేది ఆమె జీతంతోనే. అప్పటినుంచి ఆమె ఆ డ్రయ్యర్ తలుపును చంటిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకునేది.

ఈ వానాకాలం ముసురు పట్టి వదలని ఒక పొద్దున, పుంగనూరు బ్యాండ్ సెట్ వాళ్ల ఎర్రకోట్లు మా దగ్గరున్నాయి. ఆ సాయంత్రమే కుప్పంలో పెళ్లి ఊరేగింపు. బ్యాండ్ మాస్టర్ ఎల్లప్ప కోట్లు తీసుకుని అట్నుంచి అటే పోదామని జట్టునంతా వ్యాన్‌లో ఎక్కించుకొచ్చాడు. అందరూ బనియన్లతో కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే డ్రయ్యర్ వేడెక్కడం మానేసింది. డ్రమ్ము తిరుగుతోంది, కోట్లు దొర్లుతున్నాయి, వేడి మాత్రం లేదు. తీసి పిండితే నీళ్లు కారుతున్నాయి.

"బనియన్లతో పోతే పెండ్లికొడుకు మమ్మల్ని సూసి కారు దిగడప్పా" అన్నాడు ఎల్లప్ప.

దినేష్ ముఖం ఆ కోట్లకంటే ఎర్రగా ఉంది. వరలక్ష్మి గోడకు ఆనుకుని నిలబడింది. నాకు ఆమెను చూస్తేనే భయమేసింది.

సుభాన్ భాయ్ వచ్చాడు. కరెంటు చూశాడు, నూగు పట్టే జాలీ తీసి చూశాడు, అన్నీ బాగానే ఉన్నాయి. తర్వాత వేడిగాలి బయటికి పోయే గొట్టం చూద్దామని వెనక సందులోకి వెళ్లాడు. నేను కిటికీలోంచి తొంగి చూశాను. గొట్టం మూతికి ఒక జల్లెడ కట్టి ఉంది. దాని మీద పాత పంచె ముక్క, ఆ ముక్క మీద ఉప్పు చల్లిన టమాటా చెక్కలు.

ధర పడిపోయి వరలక్ష్మి పెనిమిటి యార్డు నుంచి పెట్టెలు వెనక్కి తెచ్చుకున్నాడు. ముసురులో వరుగులు ఎక్కడ ఎండుతాయి? డ్రయ్యర్ గాలికి ఎండుతాయనుకుంది. గాలి బయటికి పోయే దారి లేక లోపలే మసిలింది. వేడి హద్దు దాటితే కాలిపోయే చిన్న ఫ్యూజు ఒకటి ఉంటుంది, అది కాలిపోయింది. మదనపల్లెలో తప్ప ఇంకెక్కడా జరగని ప్రమాదం ఇది.

"గొట్టం దగ్గర ఏముండాదో నేనూ సూస్తా" అని దినేష్ వెనక తలుపు వైపు నడిచాడు. సుభాన్ భాయ్ ఎదురొచ్చి గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"ఆడికి పోవద్దు దినేషప్పా. తడి నేల, కరెంటు వస్తాండాది."

"నువ్వు పోయొచ్చినావు గదా?"

"నన్ను కరెంటు గుర్తుపడతాది. నువ్వీ టార్చి పట్టుకో."

దినేష్ టార్చి పట్టుకున్నాడు గాని, వెలుగు మిషన్ మీద, చూపు వరలక్ష్మి మీద. "ఎవరి తప్పో సెప్పు భాయ్. ఈసారి బల్లీ గిల్లీ అంటే ఒప్పుకోను. ఇన్ని పెంకులు కట్టినాక బల్లి ఎట్ల వస్తాది?"

బయట వ్యాన్ హారన్ మోగింది. వరలక్ష్మి నోరు తెరిచింది, ఒప్పేసుకోబోతోంది.

"అవి ఉడకబెట్టిన గుడ్ల పెంకులా, ఆమ్లెట్టువా?" డ్రయ్యర్ లోపలినుంచి సుభాన్ భాయ్ గొంతు.

"ఉడకబెట్టినవి."

"అదే మరి. ఉడికిన పెంకుకు బల్లి భయపడదప్పా. పచ్చిదయితేనే పారిపోయేది." స్క్రూడ్రైవర్ కొన మీద బల్లి బయటికొచ్చింది.

దాన్ని చూసి నేను కుర్చీలోంచి లేచాను. తోక లేదు. ముందుకాలు ఒకటి బడిలో పిల్లవాడు ప్రశ్న అడగడానికి ఎత్తినట్టు పైకి లేచి ఉంది. ఈ బల్లి నాకు తెలుసు. మా ఆవిడ భార్గవి మిక్సీలో చెంచా మరిచిపోయిన రోజు మా ఇంట్లో చచ్చింది. సిద్దప్ప హోటల్లో పనిచేసే మోసిన్ గ్రైండర్ మాడ్చినప్పుడు అక్కడా ఇదే చచ్చింది. ప్రతిసారీ పక్కన ఎవరో ఒకరు తల వంచుకుని నిలబడి ఉన్నారు. ఆ సంగతి నాకు అప్పుడే తట్టింది.

గొట్టం మూతి ఖాళీ అయింది, కొత్త ఫ్యూజు పడింది, కోట్లు ఆరాయి. ఎల్లప్ప వెచ్చటి కోటు తొడుక్కుని వాసన చూశాడు. "రసం వాసన వస్తాండాదే?"

దినేష్ గిరుక్కున తిరిగాడు. "పక్కనే హోటలుండాది గదప్పా" అన్నాడు సుభాన్ భాయ్. బ్యాండు కుప్పం దారి పట్టింది.

సందులో ఆయన బల్లిని తుడిచి డబ్బాలో పెట్టుకుంటుంటే పట్టుకున్నాను. "దీన్ని ఇంకా ఎన్నిసార్లు చంపుతావు భాయ్?"

"ఎన్ని తిట్టినా దీనికి తగలవప్పా. మనుషులకు తగుల్తాయి." తర్వాత వరలక్ష్మిని పిలిచి జల్లెడ చేతికిచ్చాడు. "అమ్మా, ఇంట్లో ఎండబెట్టుకో. ఉప్పు తక్కువైంది."

నాకు ఆ మనిషిని కౌగిలించుకోవాలనిపించింది. ఆయన చేతులకు గ్రీజుందని ఆగాను.

పోయిన వారం ఉతికే మిషన్ ఆగిపోయింది. వరలక్ష్మి డ్రమ్ములోంచి తీసిన తాళాల గుత్తి దినేష్‌ది. చొక్కా జేబులో మరిచిపోయి వేశాడు. దాన్ని చూసి దినేష్ నేల చూపులు చూశాడు. సుభాన్ భాయ్ లోపలికి అడుగు పెట్టేసరికి వరలక్ష్మి గుత్తిని నా కౌంటర్ మీది పేపరు కిందికి తోసేసింది.

"భాయ్, బల్లి పడినట్లుండాది. సూడు."

సుభాన్ భాయ్ ఆమెను చూశాడు, దినేష్‌ను చూశాడు, సంచిలో చెయ్యి పెట్టాడు.

దినేష్ తలెత్తి గుడ్డు పెంకుల వైపు చూశాడు. "రేపటినుంచి పచ్చివే కడతాలే" అన్నాడు మెల్లగా.