శాంతమ్మ టీచరు బల్లకి వెళ్ళని ఆదివారాలు

1999వ సంవత్సరం. అమలాపురంలో నేను ఫిజియోథెరపిస్టుగా చేరి మూడేళ్ళు. ఆ రోజుల్లో మా వృత్తి పేరు ఎవరికీ నోరు తిరిగేది కాదు. "ఎక్సర్‌సైజుల డాక్టరమ్మ" అనేవారు. నేను డాక్టర్ని కాదండీ బాబూ అని సరిదిద్దడం రెండో నెలకే మానేసేను. ఒక చిన్న ప్రైవేటు నర్సింగ్ హోంలో, మేడ మీద కాలవ వైపు గది నాది. రెండు ఇనప మంచాలు, ఒక నిలువుటద్దం, నేల మీద తుంగచాప. అంతే నా సామ్రాజ్యం.

మధ్యాహ్నం రెండు దాటితే ఎండ కాలవ నీళ్ళ మీద పడి, ఆ వెలుగు కిటికీలోంచి పైకప్పు మీదికి ఎక్కి అటూ ఇటూ కదులుతూ ఉండేది. మోకాళ్ళ నొప్పులతో వచ్చినవాళ్ళు మంచం మీద పడుకుని దాన్నే చూస్తూ చూస్తూ నిద్రలోకి జారుకునేవారు. ఎక్సర్‌సైజు చేయించాల్సిన నాకూ కళ్ళు వాలిపోయేవి. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఏళ్ళన్నీ కలిసి ఒకటే పొడుగాటి మధ్యాహ్నంలా అనిపిస్తాయి. అందులోంచి మాత్రం ఒకావిడ ముఖం స్పష్టంగా కనిపిస్తుంది.

నాకప్పుడు గర్వం జాస్తి. దాచుకోవడమెందుకు, చెప్పేస్తాను. కాలేజీలో ఉండగానే యోగా కూడా నేర్చుకున్నాను. ఉబ్బసం వాళ్ళకి మా చదువులో చెప్పిన బ్రీతింగ్ ఎక్సర్‌సైజులకి ప్రాణాయామం, సూర్య నమస్కారంలోని చేతుల కదలికలు జోడించి నాదంటూ ఒక పద్ధతి తయారు చేసుకున్నాను. ఉబ్బసంలో గాలి లోపలికి పోవడం కన్నా బయటికి రావడం కష్టం. ఊపిరి గొట్టాలు సన్నబడి గాలి లోపల ఇరుక్కుపోతుంది. నెమ్మదిగా, గొంతు మోగిస్తూ వదిలితే ఆ గొట్టాలు కాస్త తెరిచి ఉంటాయి. అందుకని వదిలేటప్పుడు "ఓం" అని ఎంతసేపు అనగలిగితే అంతసేపు అనమనేదాన్ని. చివర్లో పది నిమిషాలు కళ్ళు మూసుకుని మనసు ఖాళీ చేసుకోమనేదాన్ని. అందరికీ ఒకటే మందు.

శాంతమ్మ టీచరు గారు వచ్చింది ఆ శ్రావణంలో. రాజోలు దాటేక గోదారి గట్టు మీదున్న ఊరు వాళ్ళది. ఎలిమెంటరీ స్కూల్లో హెడ్ మిస్ట్రెస్ చేసి అప్పుడే రిటైరయ్యేరు. తెల్ల నేత చీర, చేతిలో గొడుగు, మెట్లెక్కిన ఆయాసంతో గుమ్మంలోనే నిలబడిపోయేరు.

"ఇన్‌హేలరు వాడుతున్నానమ్మా. ప్రాణానికి ఢోకా లేదన్నారు డాక్టరు గారు. కాని మా చర్చిలో కీర్తన ఎత్తుకునేది నేను. పద్దెనిమిదో ఏట మొదలెట్టేను. ఇప్పుడు ఒక చరణం అయ్యేసరికి గాలి చాలటం లేదు. నేను ఆగిపోతే సంఘమంతా ఆగిపోయి నాకేసి చూస్తోంది," అన్నారు. చెబుతుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగేయి.

పీక్ ఫ్లో మీటరు అని ఒక ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది. గట్టిగా ఒక్క ఊదు ఊదితే, ఊపిరి ఎంత జోరుగా బయటికొస్తోందో అంకె చూపిస్తుంది. ఆవిడ ఊదితే నూట ఎనభై. ఆ వయసుకి అది బాగా తక్కువ. నేను చాప మీద కూచోబెట్టి పద్ధతంతా చెప్పి, "ఇప్పుడు ఓం అనండి" అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం కిటికీకేసి చూసేరు. తరవాత మా కోనసీమ పద్ధతిలో "ఆయ్" అని ఒప్పుకున్నారు. ఓం అన్నారు కూడా. గొంతు ఎంత బాగుందనుకున్నారు! గదిలో నిద్రపోతున్న మోకాళ్ళ ముసలాయన కూడా లేచి కూచున్నాడు. నేను మురిసిపోయేను. ఆ ఒక్క క్షణం ఎందుకు ఆగేరో అడగాలని నా బుర్రకి తట్టనే లేదు.

వారానికి రెండు సార్లు బస్సెక్కి వచ్చేవారు. ఇంటి దగ్గర రెండు పూటలా చేసేవారు. టీచరు కదా, ఒక్క రోజు ఎగ్గొట్టలేదు. అక్టోబరు చివరికి మీటరు రెండొందల తొంభై చూపించింది. నేను ఆ అంకె చూసుకుని, కింద నర్సమ్మలకీ, మందుల షాపు ఆయనకీ, ఇంటికెళ్ళి మా అమ్మకీ చెప్పుకున్నాను. మా అమ్మ పూజ గదిలోంచి "సర్లే, ఆవిడ చేసింది, నువ్వు చేశావా" అంది.

"ఆదివారం మా చర్చికి రండమ్మా. మీ చేతి చలవ, మీరు వినాలి," అన్నారు టీచరు గారు. నవంబరు మొదటి ఆదివారం వెళ్ళేను.

ఆ పొద్దుట మంచు ఇంకా గోదారి మీదే ఉంది. అవతలి లంక కనపడటం లేదు, ఎవరో పడవ మీద మాట్లాడుకుంటున్న మాటలు మాత్రం వినపడుతున్నాయి. చర్చి లోపల ఆడవాళ్ళంతా ఒక పక్క చాపల మీద, చెంగు తల మీదికి కప్పుకుని కూచున్నారు. నేనూ కప్పుకున్నాను. టీచరు గారు నన్ను పక్కన కూచోబెట్టుకుని కీర్తన ఎత్తుకున్నారు. అచ్చం మన కచేరీ రాగమే. పొడుగాటి పాదం ఒకటి ఎక్కడా తెగకుండా సాగి, సాగి, నెమ్మదిగా దిగింది. నేను ఆవిడ పక్కటెముకలు చూస్తున్నాను, అలవాటు కదా. ఎంత హాయిగా కదులుతున్నాయో. నిద్రకీ మెలకువకీ మధ్య ఎక్కడో తేలుతున్నట్టుంది నాకు. ఆ గాలి నేనే ఇచ్చేనని ఒళ్ళు పొంగిపోయింది.

తరవాత ప్రభువు బల్ల. నెలకోసారి, మొదటి ఆదివారం, విశ్వాసులంతా వరసగా ముందుకెళ్ళి మోకరించి పాస్టరు గారి చేతి మీదుగా రొట్టె, ద్రాక్షారసం తీసుకుంటారు. వాళ్ళకి అంతకన్నా పెద్దది లేదు. ముందు వరస లేచింది, మా వరస లేచింది. టీచరు గారు లేవలేదు. నాకు తోడుగా ఉండిపోయేరనుకుని "వెళ్ళండి, నేనుంటాను" అన్నాను గుసగుసగా.

"వెళ్ళనమ్మా. ఇది మూడో నెల," అన్నారు తలొంచుకుని.

మూడో నెల. నా దగ్గర చేరింది మూడు నెలల కిందట. ఓం మొదలెట్టిందీ అప్పుడే.

ఆరాధన అయ్యేక గట్టు మీదున్న సిమెంటు అరుగు మీద కూచున్నాం. కుర్ర పాస్టరు గారు అటే వచ్చేరు. నా సంగతి విని, "డాక్టరమ్మగారూ, మీరైనా చెప్పండి. వైద్యం కోసం చేసేది పాపం కాదని రెండు సార్లు చెప్పేనండి, ఈవిడ వినటం లేదు," అన్నారు పాపం.

"మీరు చెప్పేరు అయ్యగారూ. నా లోపలి మనసు చెప్పలేదు," అన్నారావిడ. ఆయన నిట్టూర్చి వెళ్ళిపోయేరు.

నాకు కోపం వచ్చేసింది. నా మీద రావలసిన కోపం ఆవిడ మీదికి వచ్చింది. "ఏంటండీ టీచరు గారూ! చదువుకున్నవారు మీరు! ఓం అంటే ఏముందండీ? ఉత్త శబ్దం. గాలి. గొంతు మోగడానికి పెట్టేను, అంతే!"

ఆవిడ చాలా మెల్లిగా అడిగేరు. "మీ అమ్మగారు పూజ చేస్తారా అమ్మా?"

"చేస్తుంది. రోజూ."

"ఓం అంటే ఉత్త గాలి అని ఆవిడ ముందు అనగలరా?"

అంటే మా అమ్మ చెంప పగలగొడుతుంది.

"మా తాతగారు మీలాంటి వారి చేలల్లో పాలేరు," అన్నారు నీళ్ళకేసి చూస్తూ. గొంతులో నిష్ఠూరం ఏమీ లేదు. "గుడి వీధిలో నిలబడి ఆ ఓంకారం చెవిన వేసుకున్నా తప్పేనట అప్పట్లో. ఆయన ఈ చర్చికొస్తే కూచోమని బల్ల దగ్గర చోటిచ్చేరు. ఆ చోటు మాకు చాలా పెద్దదమ్మా. మీ ఓంకారం చిన్నదని కాదు, అదీ పెద్దదే. ఒకే నోటితో ఈ రెండు పెద్దవాటినీ తేలిగ్గా తీసుకోలేను."

"మరి నాకు మొదటి రోజే చెప్పొచ్చు కదండీ?"

"మీరంత ఆప్యాయంగా చెబుతుంటే కాదని ఎలా అంటానమ్మా? పైగా ఊపిరొస్తోంది. పాడాలన్న ఆశ. ఆశే నాది. అందుకే చేసేను, అందుకే బల్లకి దూరమయ్యేను."

పాట కోసం బల్ల వదులుకుంది మనిషి. నేనేమో అంకె చూసుకుని ఊరంతా డప్పు కొట్టుకున్నాను. సిగ్గేసింది. మంచు విడిపోయి అవతల లంకలో అరటి తోటలు బయటపడ్డాయి.

మర్నాడు గదిలో మొత్తం మార్చేసేను. సూర్య నమస్కారం పద్ధతిలో పెట్టిన చేతుల కదలికలు తీసేసేను. ఓం బదులు, సగం నీళ్ళు పోసిన సీసాలో సన్నటి గొట్టం పెట్టి, బుడగలు నెమ్మదిగా వచ్చేలా ఊదమన్నాను. ఇది మా చదువులో ఉన్నదే. నీళ్ళ బరువుకి ఎదురు ఊదితే గొట్టాలు తెరుచుకునే ఉంటాయి. ఆవిడ చిన్నపిల్లలా నవ్వుతూ ఊదేరు. "ఇంక ఆ కళ్ళు మూసుకునే పది నిమిషాలు కూడా తీసేద్దాం," అన్నాను, తెలివి వచ్చినదాన్లా.

"అది తియ్యకండి!" అన్నారు గబుక్కున.

"అదేంటండీ? ధ్యానం కదా అది?"

"మీరు మనసు ఖాళీ చేసుకోమన్నారు. అది నాకు చాతకాలేదు. ఖాళీ చేస్తే ఇంక ఎవరితో ఉండను? కాని ఊరికే నోరు మూసుకుని కూచోవడం మాత్రం మీ దగ్గరే నేర్చుకున్నానమ్మా. నలభై ఏళ్ళు ప్రార్థనంటే నేనే మాట్లాడేదాన్ని. టీచర్ని కదా, అవతలివాళ్ళని మాట్లాడనిస్తానా? ఈ మూడు నెలల్లోనే ప్రభువు చెప్పేది విందామని కూచున్నాను."

నేను ఆవిడ నుంచి పీకేద్దామనుకున్నదే ఆవిడకి కావలసింది. ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో నాకేం తెలుసు? నోరు మూసుకుని నేనూ ఎదురుగా చాప మీద కూచున్నాను. పైకప్పు మీద కాలవ వెలుగు కదులుతోంది. పది నిమిషాలని చెప్పి అరగంట కూచున్నాం ఇద్దరం.

డిసెంబరు మొదటి సోమవారం వచ్చేరు. మీటరు ఊదేరు. రెండొందల అరవై. మళ్ళీ ఊదమన్నాను. మళ్ళీ అదే. నా మొహం వాడిపోవడం చూసి "తగ్గిందామ్మా?" అన్నారు.

"కాస్త తగ్గిందండీ."

"నిన్న బల్ల తీసుకున్నాను," అన్నారు. "రొట్టె చేతిలో పెట్టగానే ఏడుపు ముంచుకొచ్చేసింది. ఏడిస్తే నాకు ఆయాసం వస్తుంది కదా, రాలేదు. మీరు నేర్పినట్టే నెమ్మదిగా వదిలేను."

నేను మీటరు పక్కన పెట్టేసి ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చేసేను.

ఆ తరవాత చాలా ఏళ్ళు పాడేరు టీచరు గారు. నేను మాత్రం ఎవరికి ఊపిరి నేర్పినా, ముందు "వదిలేటప్పుడు మీకు ఏ మాట ఇష్టమండీ?" అని అడగడం మొదలెట్టేను. ఒకాయన రామా అన్నారు. ఒకావిడ మనవరాలి పేరు చెప్పింది. ఇంకొకాయన ఏమీ వద్దు, అంకెలు లెక్కపెట్టుకుంటానన్నారు. యోగా, క్రైస్తవ ప్రార్థన కలుస్తాయా అని ఎవరైనా అడిగితే, నాకు తెలియదండీ అంటాను. అది ఊదుతున్న మనిషిని అడగాలి. ఆ సంగతి నేర్చుకోవడానికి నాకు ఒకరి మూడు ఆదివారాలు ఖర్చయ్యేయి. ఆవిడ ఎప్పుడో క్షమించేసేరు. నా వల్ల ఇంకా కావటం లేదు.