లాటుదొర బూట్ల మీద బిందెడు నీళ్లు

మా ఇంటాయన పటాలంలో చేరి బర్మా వైపు పోయాక చానా కాలం కబురు లేదు. ఉన్నాడో లేడో తెలియదు. బొట్టు పెట్టుకునేటప్పుడల్లా, పెట్టుకోవచ్చో లేదో అనుకునేదాన్ని. మా అత్త మాత్రం రోజూ కొడుక్కని ఒక గుప్పెడు ఎక్కువే వండేది.

అట్టాంటప్పుడు చెన్నపట్నం గవర్నరు, లాటుదొర, మాచర్లకు రైల్లో వస్తన్నాడని దండోరా వేశారు. కరణంగారు అరుగు మీద కూర్చుని ఆయన సంగతంతా చెప్పారు. కుర్రతనంలోనే సిపాయిల మీద దొరగా ఈ దేశం వచ్చాడంట. పాత జర్మనీ యుద్ధంలో తొడలో గుండు దిగితే, మంచం మీంచి లేచి మళ్లీ యుద్ధానికే పోయాడంట. ఇప్పుడు మనందరి మీదా ఆయన మాటే మాట. గుండు దిగినా మనిషి బతుకుతాడన్నమాట! నేను అదొక్కటే పట్టుకున్నా.

మా అత్త ఇంకోటి పట్టుకుంది. మా పల్నాట్లో వీరుల తిరునాళ్లకు ఆయుధాలు మోసుకొచ్చే ఆయన కాళ్ల మీద ఆడవాళ్లు బిందెలతో నీళ్లు పోస్తారు. పోసినామె ఏదన్నా అడిగితే ఆయన ఆగి మాట చెప్పాల్సిందే.

"ఈయనా ఆయుధం మోసినోడేగా. నీళ్లు పోసి పిల్లోడి సంగతి అడుగుతా," అంది.

"నిన్ను జైల్లో పెడితే కూడెవరు తెస్తారక్కా?" అంది పక్కింటి పిన్నమ్మ.

"నా కోడలు తెచ్చిద్దిలే. నీలాగా ఉప్పు మర్చిపోదు."

బిందె నీళ్లకు మైలు నడిచే ఎండాకాలం. ఆ బిందె ఎత్తుకుని స్టేషనుకు పోయాం. దొర దిగాడు. తాటిచెట్టంత మనిషి. ఒక కాలు కొంచెం ఈడ్చి వేస్తన్నాడు. నేను గుడ్లప్పగించి చూస్తుండగానే మా అత్త జనంలోంచి దూరిపోయి, నిగనిగలాడే ఆ బూట్ల మీద బిందె వంచేసింది.

పోలీసాయన ఆమె రెక్క పట్టుకున్నాడు. దొర చెయ్యెత్తి వదలమన్నాడు. తాసీల్దారుగారు చెమటలు కక్కుతా మా ఆచారం ఇంగ్లీషులో చెప్పుకున్నాడు. దొర ఆ తడిలో అట్టాగే నిలబడ్డాడు.

"నా కొడుకు మీ పటాలంలో ఉన్నాడయ్యా," అంది మా అత్త. "ఉంటే ఉన్నాడని చెప్పు. లేకపోతే అదన్నా చెప్పు. కోడలు పసిది."

తాసీల్దారుగారు అటూ ఇటూ మాట చేరవేసి, "దొరగారికి తెలవదంట. కనుక్కుని చెప్పిస్తామంటున్నారు," అన్నాడు. పేరూ ఊరూ రాసుకున్నాడు. అప్పుడు దొర మడమలు రెండూ కలిపి, మా అత్తకు పటాలం సలాము కొట్టాడు.

తిరిగొచ్చేటప్పుడు మా అత్త దారంతా ఒకటే మాట. "ఇంత రాజ్యం ఏలేవాడు. తెలవదని ఒప్పుకున్నాడే, చూశావా?"

వానలు పడ్డాక తాలూకా కచేరీ బంట్రోతు మా వాకిట్లోకి వచ్చాడు. "మీవాడు అస్సాం వైపు ఆసుపత్రిలో ఉన్నాడంట. కాలికి దెబ్బ. ప్రాణానికి భయం లేదు. దొరగారు చెప్పమన్నారు," అన్నాడు.

మా అత్త లోపలికి పోయి బిందె తెచ్చి అతని కాళ్ల మీద పోసింది.

"నేనేం యుద్ధం చేశానమ్మా?" అన్నాడతను తడిసిన చెప్పులు చూసుకుంటా.

"మాట మోసుకొచ్చావుగా, నిలబడు," అంది.

ఆ బిందె ఖాళీ అయ్యేలోపు నేను రెండోది తెచ్చా.