తోక రాని బాతుపిల్ల

పోయిన వానాకాలం నీలం నగర్‌లో మా మగ్గాల షెడ్డులోకి ఓ అడవి బాతుపిల్ల వచ్చింది. తల్లి లేకపోతే బతకదని మనవరాలు దివ్యతో చెరువుకు తీసుకెళ్లాను. అక్కడ రెండు రకాల ఈల బాతులు పిల్లలతో ఉన్నాయి. పెద్ద రకానికి తోక మొదట్లో తెల్ల పట్టీ, చిన్న రకానికి అక్కడే ఇటుక రంగు.

“అమ్మమ్మా, ఇది ఎవల పిల్ల?”

“అంచు జూసి చద్దరు ఏ మగ్గందో చెప్తనే! ఇది తెల్లంచుదే,” అని వదిలాను.

ఆ తెల్లంచు తల్లి దాన్ని పొడిచి నీళ్లలో ముంచేసింది. పిల్ల పైకి రాలేదు. చీరతోనే నీళ్లలోకి దిగాను.

“ఆగు అమ్మమ్మా! అటు జూడు!”

పిల్ల దూరంగా తేలింది. ఇటుక తోక తల్లి ఈల వేస్తూ వచ్చి పక్కకు చేర్చుకుంది.

తోకే రాని పిల్లకు అంచెక్కడ చూశానో! నేను చెబుతుంటే ఇది రాస్తూ దివ్య నవ్వుతోంది. నాకు మాత్రం అది మునిగిన క్షణమే ఇప్పటికీ కళ్ల ముందుంది.