నిజ్వా రాజుగారి కోలా గింజలు

ఆ శుక్రవారం మీటింగు పుస్తకంలో నేను రాసిన వాక్యం ఇది: "డబ్బా తెరిచి చూడగా ఒక గింజ మాత్రమే ఉంది, మిగతావి కనబడలేదు." అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. మిగతావి ఎక్కడికి పోయాయో మాత్రం రాయలేదు. అవి చాలావరకు నా కడుపులో ఉన్నాయి. పెన్ను పట్టుకొని ఆ వాక్యం రాస్తున్నప్పుడు కూడా అక్కడే ఉండి, తమ పని తాము చేసుకుంటున్నాయి.

నేను ఆ మాట దాచినందుకు ఒక రాజు ఏడు నెలలు టోపీ లేకుండా తిరిగాడు. ఇప్పటికీ మా క్యాంపులో ఈ కథను తలా ఒక రకంగా చెప్పుకుంటున్నారు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను ఒమన్ వచ్చి పద్దెనిమిదేళ్లు దాటింది. మాది జగిత్యాల వైపు. నిజ్వాలో ఒక ఏసీల కంపెనీలో స్టోర్ కీపర్‌ని. మా క్యాంపులో నాలుగు రూములకు ఒకటే వంటగది, ఒకటే ఫ్రిజ్. నా రూములో నిర్మల్ నుంచి వచ్చిన తమ్ముడొకడు ఉంటాడు. సొంత తమ్ముడు కాదు, పదేళ్లుగా ఒకే రూములో ఉండి తమ్ముడయ్యాడు. ఎదురు రూములో రాజుగారు. ఆయన నైజీరియా మనిషి, ఇగ్బో జాతివాడు, మా కంపెనీలోనే ఏసీ మెకానిక్.

నిజ్వా చుట్టుపక్కల ఇగ్బోలు తొమ్మిది మంది ఉండేవారు. అందులో ఒకాయన నిచ్చెన మీదినుంచి పడి ఆసుపత్రిలో ఉన్నప్పుడు, మా మెకానిక్ రోజూ డ్యూటీ దిగి చారు పట్టుకొని వెళ్లేవాడు. ఏడాదిగా మాటల్లేని ఇద్దరిని ఆ మంచం దగ్గరే కలిపాడు. అప్పుడు ఒకడు నవ్వుతూ "నువ్వే మా రాజువి పో" అన్నాడట. మిగతావాళ్లు నవ్వలేదు. అలా రాజయ్యాడు. ఇగ్బోల రాజుకు ఎర్ర టోపీ ఉండాలి. మస్కట్ హమ్రియాలో స్కూలు యూనిఫారాలు కుట్టే దర్జీకి ఫోన్లో కొలతలు చెప్పి కుట్టించారు. అది రెండు సైజులు పెద్దగా వచ్చింది. లోపల న్యూస్‌పేపర్ మడిచి పెట్టుకునేవాడు. చేతిలో తోలు విసనకర్ర కూడా ఉండేది. వారమంతా ఊళ్లోవాళ్ల ఏసీలు బాగుచేసి, శుక్రవారం పూట తాను విసురుకుంటూ కూర్చునేవాడు.

మేమందరం ఆయన్ను "రాజా సాబ్" అనేవాళ్లం. మొదట్లో ఎగతాళికే. తర్వాత వేరే పేరు నోట్లోకి రాలేదు.

అయితే ఇబ్రి అనే ఊళ్లో ఇంకో రాజు ఉన్నాడు. టైల్స్ షాపులో సేల్స్‌మన్. తనది తాతలనాటి రాజవంశమనీ, చేతులెత్తి ఎన్నుకుంటే వచ్చేది సెక్రటరీ పదవే గాని రాజ్యం కాదనీ ఆయన వాదన. అలాంటి వంశం ఏదీ లేదు, ఊళ్లో ఆ ఇంటివాళ్లకు ఉన్నది కోళ్ల ఫారమేనని మా రాజా సాబ్ వాదన. రెండు రాజ్యాలకు మధ్యలో బహ్లా అనే ఊరు. అక్కడున్న ఇగ్బో ఒకే ఒక్కడు, ఫుట్‌బాల్ నేర్పే కోచ్. ఆ ఒక్క ప్రజ ఎవరికి చెందుతాడన్నదే ఏడాదిన్నర తగాదా. కోచ్ మాత్రం ఎటూ తేల్చకుండా రెండు చోట్లా విందులు తిని కొంచెం లావయ్యాడు.

వీళ్లందరిలో పెద్దాయన నిజ్వాలో టైర్ల షాపులో పనిచేసే ముసలాయన. "మన ఇగ్బోలకు రాజులే లేరు, ఈ వేషాలన్నీ మధ్యలో వచ్చినవి" అని ప్రతి మీటింగులోనూ అనేవాడు. అని, అందరికంటే ముందొచ్చి ముందు వరసలో కూర్చునేవాడు.

నాకు ఇదేమీ వింతగా తోచలేదు. మా ఊళ్లో ఒకే కులానికి రెండు సంఘాలు, రెండు సంఘాలకు ఇద్దరు అధ్యక్షులు, ఇద్దరికీ రెండు రబ్బరు స్టాంపులు చూసినవాణ్ణి. అందుకే రాజా సాబ్ నా స్టోర్ కౌంటర్ మీద మోచేతులానించి కష్టాలు చెప్పుకుంటే శ్రద్ధగా వినేవాణ్ణి. ఒకరోజు అన్నాడు:

"భాయ్, శుక్రవారం ఇబ్రివాడు తన మనుషులతో వస్తున్నాడు. కోచ్ కూడా వస్తాడు. ఆరోజు తేలిపోవాలి. నువ్వు వచ్చి మీటింగు రాయి."

"నేనెందుకు రాజా సాబ్? నాకు మీ భాష రాదు."

"అందుకే. నువ్వు ఇగ్బో కాదు. నీ రాత అందరూ నమ్ముతారు."

ఆ శుక్రవారం పొద్దున పెరుగు కోసం ఫ్రిజ్ తెరిచాను. వెనకాల ఒక స్టీలు డబ్బా, అందులో తడి గుడ్డలో చుట్టిన ఐదు గింజలు. మా ఫ్రిజ్‌కు ఒక చట్టం ఉంది: పేరు రాయని వస్తువు అందరిదీ. డబ్బా మీద పేరు లేదు. రాజు తన వస్తువు మీద పేరు రాసుకోడని ఆయన తర్వాత చెప్పాడు.

నాకు వక్క అలవాటు. మా ఆవిడ పంపిన వక్క అయిపోయి మూడు వారాలు. ఆకు, సున్నం ఉన్నాయి, వక్క లేదు. నాలుక పీకుతోంది. పక్క రూములో మలయాళీలున్నారు కదా, ఎవరో కేరళ నుంచి పచ్చివక్క తెచ్చారనుకున్నాను. అడకత్తెర తీసి ఒకటి కత్తిరించాను. ఆకులో సున్నం రాసి చుట్టి నోట్లో పెట్టుకున్నాను. వేపచెట్టును వేళ్లతో సహా నమిలినట్టుంది. కాని కాసేపటికి నోరు తియ్యగా అయింది. అందుకని ఇంకోటి.

నిర్మల్ తమ్ముడు వచ్చాడు. "ఏందన్నా అది?"

"వక్క రా. జర చేదున్నది. తిను."

నమిలాడు, మొహం వంకర పోయింది. "ఇది వక్క కాదే అన్నా. ఏదో మందు."

"మూడు వారాల సంది తినక నీ నోరు పాడైంది" అన్నాను, నాలుగోది కత్తిరిస్తూ.

తర్వాత నాకు ఎక్కడలేని హుషారు వచ్చింది. సెలవు రోజని మర్చిపోయి స్టోర్ తెరిచాను. వాషర్లన్నీ సైజులవారీగా సర్ది, ప్రతి డబ్బాకూ చీటీ అంటించి, ఆ చీటీలు వంకరగా ఉన్నాయని పీకి మళ్లీ అంటించాను. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకొని, రెండు పెన్నులు పట్టుకొని మీటింగుకు వెళ్లాను.

రాజా సాబ్ రూములో పదమూడు మంది. ఇబ్రి రాజు తన టోపీతో వచ్చాడు. అది తలకు సరిగ్గా సరిపోయింది, అదే మా రాజా సాబ్‌కు మొదటి దెబ్బ. ఇగ్బోల దగ్గర కోలా గింజ విరిచి పంచకుండా ఏ మాటా మొదలుకాదు. కోలా అంటే సీసాలో వచ్చేది కాదు, కాఫీలా హుషారెక్కించే ఒక చెట్టు గింజ. చుట్టం వస్తే ముందు అదే. పెద్దాయన దాన్ని పట్టుకొని దేవుడికి, పూర్వీకులకు చెప్పాలి, అదీ ఇగ్బోలోనే. "కోలాకు ఇంగ్లీషు రాదు" అని వాళ్ల సామెత. అందరూ "ఇసే" అంటారు. మనం తథాస్తు అన్నట్టు.

రాజా సాబ్ విసనకర్ర పక్కన పెట్టి, రెండు చేతులతో స్టీలు డబ్బా తెచ్చాడు. ఆ డబ్బా చూడగానే నాకు పొద్దుటి హుషారంతా అరికాళ్లలోంచి దిగిపోయింది.

మూత తీశాడు. తడి గుడ్డ, ఒక గింజ. అది కూడా రెండే బద్దలది. అలాంటిది పూజకు పనికిరాదట.

అందరూ డబ్బాలోకి తొంగిచూశారు. ఇబ్రి రాజే ముందు అన్నాడు, చాలా మెల్లగా: "ఆకలైతే మాకు ఫోన్ చేసి ఉంటే అన్నం తెచ్చేవాళ్లం కదా."

"నేను తినలేదు" అన్నాడు రాజా సాబ్.

"మరి కోలాకు కాళ్లొచ్చి బహ్లా పోయిందా?"

కోచ్ ఉలిక్కిపడి, "నా దగ్గరికి రాలేదు" అన్నాడు.

ముసలాయన గడ్డం నిమురుకున్నాడు. "అతిథి కోలా ఒంటరిగా తిన్నవాడు రాజు కాదు. రాజులే లేరనుకో, ఉన్నా ఇతను కాదు."

రాజా సాబ్ నా వైపు తిరిగాడు. "భాయ్, నువ్వు చెప్పు. నేను అలాంటివాణ్ణా?"

చెప్పాల్సింది అప్పుడే. నోరు తెరిస్తే పళ్లు ఎర్రగా కనబడతాయని భయమేసింది. తల వంచుకొని ఆ వాక్యం రాశాను. రాజా సాబ్ తనంతట తానే టోపీ తీసి చాప మీద పెట్టాడు. మడిచిన న్యూస్‌పేపర్ జారి కింద పడింది. ఎవరూ నవ్వలేదు.

టోపీ ఎవరి దగ్గర ఉండాలన్నది ఇంకో గొడవ. చివరికి ఏ పక్షమూ కానివాడి దగ్గర ఉండాలన్నారు. అంటే నా దగ్గర. స్టోరులో సేఫ్టీ హెల్మెట్ల పక్కన పెట్టి, అలవాటు కొద్దీ చీటీ కూడా రాశాను: "టోపీ, ఎరుపు, ఒకటి, వాడినది." ఏడు నెలలు రోజూ దానికి ఎదురుగానే కూర్చున్నాను.

క్యాంపులో ఆయన్ను "రాజా సాబ్" అనడం మానేశారు. "ఏసీ భాయ్" అన్నారు. వంటగదిలోకి వస్తే ఎవడో ఒకడు నవ్వుతూ తన పళ్లెం దాచుకునేవాడు. కబురు వాట్సాప్‌లో వాళ్ల ఊరిదాకా వెళ్లింది. వాళ్లక్క ఫోన్ చేసి "తమ్ముడూ, కంపెనీ తిండి పెట్టడం లేదా?" అని ఏడ్చిందట. అది చెప్పి ఆయన నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

రూములో తమ్ముడితో అన్నాను, "చెప్పేస్త రా."

"ఇన్ని రోజులు కూసొని ఇప్పుడు చెప్తవా? నేను కూడ ఒకటి నమిలిన. నా పేరు తియ్యకే అన్నా."

ఇంకో నెల గడిచింది. ఒకరోజు ఆయన కౌంటర్ దగ్గరికొచ్చి, "భాయ్, నా నడత మంచిదని ఒక కాగితం రాసిస్తావా? మావాళ్లకు చదివి వినిపిస్తాను. ఇక్కడ నన్ను చూసి నవ్వనివాడివి నువ్వొక్కడివే" అన్నాడు.

నేను నవ్వనిది ఎందుకో ఆయనకు తెలియదు. "శుక్రవారం నేనే వచ్చి చెప్తాను, ఇబ్రివాళ్లను కూడా పిలువు" అన్నాను.

వాళ్లలో తప్పు ఒప్పుకోవడానికి వెళ్లేవాడు కోలా పట్టుకెళ్లాలి. నాకు కోలా ఎవరిస్తారు? ఈలోగా ఊరినుంచి వక్క వచ్చింది. మా దగ్గరా తాంబూలం పెడితే మాట ఇచ్చినట్టే కదా అని, పళ్లెంలో ఐదు వక్కలు, ఆకులు పెట్టి, స్టోర్లోంచి టోపీ తీసి పక్కన పెట్టి పట్టుకెళ్లాను.

నేను నోరు తెరవకముందే తగాదా మొదలైంది. ఇది కోలా కాదు, దీని మీద ప్రార్థన చెల్లదని ఇబ్రి రాజు. చెట్టు గింజే కదా, చెల్లుతుందని కోచ్. దీనికి బద్దలే లేవు, ఎలా విరుస్తారని ఇంకొకడు. నేను పళ్లెం పట్టుకొని నిలబడే ఉన్నాను, చేతులు లాగుతున్నాయి. చివరికి ముసలాయన అన్నాడు: "కోలా కాని కోలా, రాజు కాని రాజు. అన్నీ సరిపోయాయి. మన కోలాకు మన భాషే వస్తుంది. ఈ గింజ ఇతని ఊరిది. ఇతని భాషలోనే చెప్పనీ."

అందుకని తెలుగులో చెప్పాను. వక్కలను చూస్తూ, ఏడు నెలలుగా మనసులో ఉన్నదంతా చెప్పాను. పెరుగు కోసం ఫ్రిజ్ తెరిచింది, అడకత్తెర, సున్నం, వాషర్లు, అన్నీ. తమ్ముడి పేరు మాత్రం తియ్యలేదు. ఆగినప్పుడల్లా పదమూడు మందీ గంభీరంగా "ఇసే" అన్నారు. అందరికంటే గట్టిగా అన్నది రాజా సాబే.

"చాలా మంచి ప్రార్థన. ఇప్పుడు అర్థం చెప్పు" అన్నాడు.

నేను పళ్లెం ఆయన కాళ్ల ముందు పెట్టి, అందరికీ తెలిసేలా హిందీ, ఇంగ్లీషు కలిపి చెప్పాను: "రాజా సాబ్, ఆరోజు నీ కోలా తిన్నది నేను. వక్క అనుకొని సున్నంతో తిన్నాను. తిన్నది పొరపాటు. నువ్వు నన్ను అడిగినప్పుడు తల వంచుకున్నానే, అది పొరపాటు కాదు. నీ టోపీ తెచ్చాను. నన్ను క్షమించు."