గీత కొట్టిన ఎల్

మా ఆయన పోలండ్ వెళ్లేముందు ఏజెంటు ఇచ్చిన కాగితాన్ని నేను పదిసార్లు చదివాను. ఊరి పేరు ఇంగ్లీషులో ఎల్, ఓ, డి, జడ్ అని ఉంది. లోడ్జ్ అనుకున్నాం. బట్టల మిల్లులో పని. ఇరవై ఏళ్లు వేములవాడలో మరమగ్గాలు నడిపిన మనిషి కదా, పని కొత్త కాదులే అని ధైర్యం.

చేరిన రెండో రోజు ఫోన్ చేశాడు.

"మంచిగనే చేరిన. ఊచ్‌ల ఉన్న," అన్నాడు.

"ఊచ్ ఏంది? లోడ్జ్ అని గదా రాసిండ్రు?"

"ఏమో, ఈడ అందరు ఊచ్ అనే అంటుండ్రు," అంటుండగానే ఫోన్ కట్టయింది. తిరిగి చేస్తే కలవలేదు.

మా అన్నను ఒకప్పుడు దుకాణంలో పని అని గల్ఫ్‌కు తీసుకుపోయి, ఎడారిలో ఒంటెలు కాయించారు. మూడేళ్లకు గానీ ఇల్లు చేరలేదు. ఆ సంగతి తెలిసిన అత్తమ్మ ఏడుపు అందుకుంది. "నా కొడుకును ఇంకేడనో దించిండ్రు బిడ్డా!"

ఏజెంటు ఫోన్ ఎత్తలేదు. తెల్లారి కరీంనగర్ పోతే ఆఫీసుకు తాళం. ఆదివారమన్న సంగతే నాకు గుర్తు లేదు. బస్టాండులో బెంచీ మీద కూలబడ్డాను.

అప్పుడు మా ఆయన వీడియో కాల్ చేశాడు.

"ముందుగాల గా ఊరి బోర్డు చూపియ్యి," అన్నాను.

రైల్వే స్టేషన్ ముందుకెళ్లి చూపించాడు. ఎల్ ఉంది. కానీ దాని నడుమ అడ్డంగా గీత, ఎవరో తప్పని కొట్టేసినట్టు.

"గా ఎల్‌ను కొట్టేసిండ్రు గదా!" అని అరిచాను.

మిల్లులో ఆయనతో పనిచేసే పెద్దావిడ పక్కనే ఉంది. ట్రాం ఎక్కడం నేర్పిద్దామని ఆయనను వెంటబెట్టుకొచ్చిందట. ఆయన చేతులతో సైగలు చేసి అడిగితే ఆమె నవ్వింది. ఆ అక్షరం వైపు వేలు చూపించి, పెదాలు గుండ్రంగా చుట్టి "వ" అంది. తరువాత మెల్లగా, "ఊచ్".

"ఎల్ కాదట," అన్నాడు మా ఆయన. "గీత ఉంటే వ అంటరట, కడమ అక్షరాలు గూడ ఈడ వేరే తీరుగ పలుకుతరట. మన కాగితంల గీత పెట్టలే, గంతే. ఊరు గిదే. పరేషాన్ గాకు."

నాకు నవ్వు, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. అత్తమ్మకు ఫోన్ చేసి చెప్తే, "అక్షరం సంగతి నాకెందుకు, పిలగాడు సక్కంగున్నడా?" అంది.

ఉన్నాడని చెప్పి, వేములవాడ మీదుగా పోయే సిరిసిల్ల బస్సెక్కాను. కిటికీకి తల ఆనించగానే నిద్ర పట్టింది. మా ఊళ్లో కండక్టర్ లేపకపోతే దాటిపోయేదాన్నే.