ఆంటీతో చింపాంజీల అడవి దాకా

పోయిన వారం మా పక్కింటి ఆంటీ పోయారు. పొద్దున్నే వాళ్ళమ్మాయి ఫోన్ చేసి, "అమ్మ నిద్రలోనే వెళ్ళిపోయింది అక్కా" అంది. గుండె ఆగిపోయిందట, కరోనా కాదు. ఈ రోజుల్లో ఎవరు పోయినా ముందు ఆ మాట చెప్పుకోవాల్సి వస్తోంది.

మీలో చాలామందికి ఆవిడ తెలియదు. ఐర్లండ్‌లోని ఎన్నిస్‌లో మా రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. ఒంగోలు ప్రాంతం మనిషి. ఇక్కడి ఒక వృద్ధుల హోమ్‌లో ఏళ్ళ తరబడి నర్సుగా చేశారు. నేనూ అక్కడే పెద్దవాళ్ళను చూసుకునే కేరర్‌ని. తెలియనిది ఎదురైతే ఆవిడ ఊరుకునేవారు కాదు. కెటిల్ అడుగున తెల్లగా ఏం పేరుకుంటుంది, ఇక్కడి కాకుల అరుపు మన కాకుల్లా ఎందుకుండదు అని బస్సులో పక్క సీటు మనిషినైనా అడిగేసేవారు. నేను సిగ్గుపడితే, "తెలుసుకుంటే పోలా?" అనేవారు.

కరోనా వచ్చిన మొదటి ఏడాది, మా హోమ్‌లో పెద్దవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు పోయారు. ఇంటివాళ్ళను లోపలికి రానివ్వలేదు. ఆంటీయే మాస్కూ గౌనూ వేసుకుని వాళ్ళ పక్కన కూర్చునేవారు. ఆ రోజుల్లోనే ఒకసారి హాల్లో టీవీలో చింపాంజీలను చూపిస్తుంటే, చేతిలో మందుల ట్రేతో అలాగే ఆగిపోయారు. "వీటిలో ఒకదానికి జబ్బు చేస్తే మిగతావి పక్కనుంటాయా, వదిలేసి పోతాయా?" అని అడిగారు. నాకేం తెలుసు? ఆ ప్రశ్న మాత్రం ఆవిడను వదల్లేదు.

రిటైరయ్యాక, విమానాలు మళ్ళీ తిరగడం మొదలయ్యాక, వాళ్ళమ్మాయి స్పెయిన్ తీసుకెళ్తానంది. ఆంటీ చింపాంజీలుండే ఉగాండా అడవికి పోతానన్నారు. నెలల బిడ్డతో తను రాలేక, ఆ అమ్మాయి నన్ను తోడు పంపింది.

నేషనల్ పార్కు గేటు దగ్గర గైడు అందరికీ మాస్కులిచ్చాడు. మనకొచ్చే మామూలు జలుబు కూడా చింపాంజీల ప్రాణం తీయగలదట. దగ్గూ జ్వరం ఉన్నవాళ్ళు లోపలికి రాకూడదన్నాడు. ఎవరికైనా ఉన్నాయా అని అడిగాడు. ఆంటీ చెయ్యెత్తారు.

నేను తెల్లబోయాను. ఆవిడ దగ్గడం నేనసలు వినలేదు. దారిలో దుమ్మయి ఉంటుందని, కరోనా టెస్టులో నెగటివే వచ్చిందని మెల్లగా నచ్చజెప్పబోయాను.

"పొద్దున కాస్త దగ్గానమ్మాయ్. దుమ్మో కాదో నాకు తెలీదు. తెలీనప్పుడు పోకూడదు. నువ్వెళ్ళి బాగా చూసిరా" అన్నారు. మాస్కులో ముఖం కనపడలేదు. కళ్ళు కూడా నా వైపు తిప్పలేదు. మర్నాడే మా తిరుగు ప్రయాణం.

నేను చూశాను. కొమ్మల్లో ఒక్కసారిగా అరుపులు లేచాయి, ఆ తర్వాత చింపాంజీలు ఒక్కొక్కటే నేల మీదికి దిగాయి. ఒక ముసలిది కుంటుతూ వెనకబడింది. ముందు పోతున్న ఇంకొకటి దారిలోనే చతికిలబడింది. ముసలిది దగ్గరికి వచ్చాక రెండూ కలిసి పొదల్లోకి వెళ్ళిపోయాయి.

తిరిగొచ్చేసరికి ఆంటీ కుర్చీ ముందుకు జరుపుకుని సిద్ధంగా ఉన్నారు. వాసనెలా ఉంది, గోళ్ళు మనలాగే ఉన్నాయా, తల్లి పిల్లనెలా మోస్తోంది అని వరసగా అడిగారు. కుంటిదాని సంగతి చెప్పగానే ఆపారు.

"ఆగినది వెనక్కి తిరిగి చూసిందా?"

"లేదాంటీ. ఊరికే కూర్చుంది."

"చూడక్కర్లేదులే. వస్తుంటే వినపడుతుంది గదా."

గైడును కూడా అడిగారు. కొన్నిసార్లు ఆగుతాయి, కొన్నిసార్లు వదిలేసి పోతాయి, ఎందుకో తమకూ పూర్తిగా తెలియదన్నాడు. ఆ జవాబు ఆవిడకు నచ్చింది. సగమన్నా తెలిసిందన్నారు. హోమ్‌లో మనుషుల్ని శ్రద్ధగా గమనించడం నాకు వచ్చిందంటే, ఆవిడ పక్కన పనిచేయడం వల్లే.

సాయంత్రం గైడు మమ్మల్ని అడవి బయటి రోడ్డు మీదికి తీసుకెళ్ళి, దూరంగా ఒక చెట్టు చూపించాడు. చింపాంజీలు రోజూ పొద్దుగూకే వేళకు కొమ్మలు వంచి కొత్త పడక వేసుకుంటాయట. ఆ చెట్టు మీదున్నది నిన్నటి పడక. ఆంటీ బైనాక్యులర్స్ తీసుకుని చాలాసేపు చూశారు.

"కొమ్మలు ఎట్టా మడిచిందో చూడమ్మాయ్. ఒక వైపు ఆకులు ఎక్కువేసుకుంది. తలవైపేమో."

అంత ఎత్తున ఆ ఖాళీ పడక చెట్టుతో పాటే గాలికి మెల్లగా ఊగుతోంది. కింద మట్టిరోడ్డు మీద ఆంటీ తలెత్తి, చేతులు దించకుండా, ఇంకా చూస్తూనే ఉన్నారు.