గడప దగ్గర డ్యూటీ అప్పగింత

నా భార్య పోయి నెల కావస్తోంది. కృష్ణగిరి రౌండానా కూడలి దగ్గర, హోసూరు వెళ్లే కంపెనీ బస్సు కోసం నిలబడి ఉండగా గుండె ఆగింది. అదే బస్సుకు వచ్చిన పనివాళ్లు ఆమెను నేల మీద పడుకోబెట్టి, ఆస్పత్రి చేరేదాకా వంతులవారీగా గుండె మీద ఒత్తుతూనే ఉన్నారట. వాళ్లకు ఆ పని నేర్పింది ఆమే. సరైన పద్ధతిలోనే చేశారని డాక్టరు చెప్పాడు. ఫలితం లేకపోయింది. ఆ పనివాళ్లందరికీ ఇక్కడే నా నమస్కారం.

పరామర్శకు వచ్చినవాళ్లు చాలామంది ఆమె మిలిటరీ రోజుల గురించి అడిగారు. అక్కడి నుంచి వచ్చాక ఆమె ఏం చేసిందో అడిగినవాళ్లు తక్కువ. నాకు తెలిసింది ఆ భాగమే.

ఆమెది కావేరిపట్టణం, మాలాగే అంగళ్ల కుటుంబం. మిలిటరీ నర్సింగ్ కాలేజీలో సీటు వచ్చినప్పుడు బంధువులు వద్దన్నారు. వెళ్లింది. చదువుతోపాటే డ్రిల్లు నేర్చుకుంది. అది ముగిశాక ఆఫీసరుగా ఉత్తరాదిన పనిచేసింది. మా పెళ్లి ఆ మధ్యలోనే జరిగింది. సర్వీసు గడువు తీరాక కృష్ణగిరికి, మా హార్డ్‌వేర్ అంగడి వెనుక ఇంటికి వచ్చింది. మాకు పిల్లలు లేరు. అమ్మ, నేను, ఆమె.

ఇంట్లో ఆమె పద్ధతులు మాకు కొత్త. దుప్పటి అంచులు పరుపు కిందికి బిగించి మడిచేది. అందులో దూరడానికి అమ్మ అవస్థపడేది. సాయంత్రం ఐదుకు రావాల్సిన పాలాయన్ను పదిహేడు గంటలకు రమ్మంటే అతను బిక్కమొహం వేశాడు. అది ఏ దేశపు గడియారమని అమ్మ వారం రోజులు నవ్వింది.

అన్నిటికన్నా విచిత్రంగా తోచింది డ్యూటీ అప్పగింత. మిలిటరీ ఆస్పత్రిలో షిఫ్టు మారేటప్పుడు వెళ్లే నర్సు ప్రతి మంచం దగ్గరా ఆగి, ఆ రోగి సంగతి వచ్చే నర్సుకు నోటితో చెప్పాలట. ఇద్దరూ నిలబడే ఉండాలి. వచ్చినామె ‘తీసుకున్నాను’ అనేదాకా వెళ్లేవాళ్లు వార్డు దాటకూడదు. ఆమె ఆ అలవాటును ఇంటికి తెచ్చింది. కూరగాయలకు వెళ్లినా సరే, గడప దగ్గర ఆగి చెప్పేది. పాలు కాచినాను, గ్యాస్ ఆపినాను, వెనక తలుపు వేసినాను, అత్తకు మాత్ర టిఫిన్ తిన్నాక ఇయ్యాల. నేను పేపరు చదువుతూ తల ఊపితే కదిలేది కాదు. లేచి నిలబడి, ఆ మాట అనాలి.

“నేనేమన్నా మంచం పట్టినానా, నన్ను రోజూ వాడికి అప్పజెప్పి పోతావు?” అనేది అమ్మ.

“మంచం పట్టకూడదనే అత్తా,” అనేది ఆమె.

వచ్చిన కొత్తలో ఆమె ముందున్న ప్రశ్న ఒకటే. నేర్చుకున్నదంతా ఈ ఊళ్లో దేనికి పనికొస్తుంది? బంధువులు జవాబు ముందే తేల్చేశారు. ఇన్నేళ్ల చదువు, సర్వీసు కోడలిగా కూర్చోవడానికేనా అన్నారు కొందరు. అంగట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చోమన్నారు మరికొందరు. ఆమె హోసూరు ఆస్పత్రులకు తిరిగింది. ఒకచోట మిలిటరీ అనుభవాన్ని తమ లెక్కలో వేసుకోలేమని, నిన్న చదువు ముగించినవాళ్లతో సమానంగా తీసుకుంటామని అన్నారు. ఇంకోచోట నిటారుగా నిలబడతారు, హిందీ ఇంగ్లీషు వచ్చు, రిసెప్షన్‌కు బాగుంటారన్నారు. ఆ మాట చెప్పి ఆ సాయంత్రమంతా నవ్వింది. మరునాడు మళ్లీ హోసూరు బస్సెక్కింది.

ఒక నర్సింగ్ కాలేజీ పాఠాలు చెప్పడానికి పిలిచింది. ఒప్పుకోబోతుండగా హోసూరులో వాహనాల విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీ నుంచి, ప్రథమ చికిత్స గదికి నర్సు కావాలని కబురొచ్చింది. నేనూ వెంట వెళ్లాను. మేనేజరు అడిగిన మొదటి ప్రశ్న, తుపాకీ పట్టుకున్నారా అని. ఆమె జవాబు చెప్పి, గది చూపించమంది. లోపల స్ట్రెచర్‌ను ఎవరూ ఎత్తుకుపోకుండా సైకిల్ గొలుసుతో కిటికీకి కట్టి తాళం వేశారు. తాళంచెవి ఎక్కడుందని అడిగితే స్టోర్సులో ఉందన్నారు. స్టోర్సువాళ్లు సెక్యూరిటీ దగ్గర ఉందన్నారు. సెక్యూరిటీ ఆయన భోజనానికి పోయాడు.

ఆమె మేనేజరుతో, “నాకు ఉద్యోగం ఇచ్చినా సరే, ఇయ్యకపోయినా సరే. ఆ గొలుసు మాత్రం ఈ పొద్దే తీసేయండి సార్,” అంది.

గొలుసు తీశారు. ఉద్యోగమూ ఇచ్చారు. తిరుగు బస్సులో ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. సూళగిరి దాటాక, “నేర్చుకున్నది యాడికీ పోలేదు. అడిగేవాళ్లు కావాల, అంతే,” అంది. ఆ మాట నాకు చెప్పిందో, తనకు చెప్పుకుందో తెలియదు.

అప్పటి నుంచి మొన్నటి దాకా అదే గది. షిఫ్టు మారేటప్పుడు అక్కడా నోటితో అప్పగింత పెట్టింది. మెషీన్ల దగ్గర పనిచేసేవాళ్లకు కట్టు కట్టడం, గుండె ఆగినవాళ్లకు ఛాతీ మీద ఒత్తే తీరు నేర్పింది. రాత్రి భోజనం దగ్గర ఆ రోజు సంగతులన్నీ చెప్పేది. నేను ముఖమైనా చూడని మనుషుల చేతి కుట్లు నాకు తెలుసు.

ఆదివారాలు బేరిగై వైపు నుంచి తల్లిదండ్రులు కూతుళ్లను వెంటబెట్టుకుని వచ్చేవాళ్లు, మిలిటరీ నర్సింగులో చేర్చవచ్చా అని. అందరూ ట్రైనింగ్ గురించే భయపడేవాళ్లు. ఆమె చెప్పేది వేరు. “ట్రైనింగ్‌లో ఎవరో లేపుతారు, ఎవరో నడిపిస్తారు. అది అయినాక మిమ్మల్ని మీరే లేపుకోవాల. కష్టం ఆడుంది.” తరువాత పోస్టింగు, నైట్ డ్యూటీలు, పండగకు దొరకని సెలవు, బయటికి వచ్చాక ఆస్పత్రులవాళ్లు అడిగే ప్రశ్నలు, కాలేజీలు, ఫ్యాక్టరీలు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు చెప్పేది. ఒకసారి ఒక రైతు, తన కూతురికి జవాన్లు సెల్యూట్ కొడతారా అని ఆశగా అడిగాడు.

“కొడతారప్పా. కొట్టి, బెడ్‌పాన్ యాడుందని అడుగుతారు.”

ఆయన కన్నా ముందు కూతురు నవ్వింది. ఆ అమ్మాయి ఇప్పుడు సర్వీసులో ఉంది. కబురు తెలిసి ఫోన్ చేసింది.

ఆమె పోయిన పొద్దున కూడా గడప దగ్గర ఆగింది. పాలు, గ్యాస్, తలుపు, అత్త మాత్ర. నేను లేచి నిలబడి, తీసుకున్నాను అన్నాను. ఇల్లు అప్పజెప్పి వెళ్లింది. అందుకు ఆమెకు రుణపడి ఉన్నాను.

ఫ్యాక్టరీ గది మాత్రం అప్పజెప్పలేదు. కర్మలు ముగిసిన మరునాడు ఆమె కింద పనిచేసిన చిన్న నర్సు వచ్చింది. కెలవరపల్లి అమ్మాయి. ఇక ఆ గది నువ్వే చూసుకోమని కంపెనీ చెప్పిందట. కుర్చీ వేసినా కూర్చోలేదు.

“మేడం నాకు చార్జి ఇయ్యలేదు సార్. ఏది యాడుందో తెలుసు. అయినా ఇయ్యలేదు కదా. ఎట్ల తీసుకునేది?”

 నేను లేచి నిలబడ్డాను. భోజనాల దగ్గర విన్నది చెప్పాను. ప్రెస్ మెషీన్ల దగ్గర పనిచేసే ఒకాయనకు కుట్లు విప్పాలి, భయస్థుడు, మాటల్లో పెట్టి విప్పాలి. క్యాంటీన్ వంటాయన షుగర్ మాత్ర వేసుకున్నానని అబద్ధం చెబుతాడు, నోరు తెరిపించి చూడాలి. స్ట్రెచర్ పట్టీ ఒకటి తెగింది, కొత్తది ఇంకా రాలేదు. ఎవరు చెప్పినా దానికి గొలుసు వేయనివ్వకూడదు.

ఆ అమ్మాయి చేతులు పక్కలకు ఆనించి నిటారుగా నిలబడి విన్నది. “తీసుకొన్నాను సార్,” అంది. కాఫీ తాగి బస్సుకు వెళ్లింది. అమ్మ తన కుర్చీలోంచి ఇదంతా చూసింది. 

మరునాడు పొద్దున అంగడి తెరవడానికి బయలుదేరాను. చెప్పులు వేసుకుని గడప దాటుతుంటే వెనక నుంచి అమ్మ పిలిచింది.

“ఏమప్పా, అట్లే పోతా ఉండావు? నాకెవరు చెప్పేది?”

ఆగాను. పాలు కాచినాను, గ్యాస్ ఆపినాను, వెనక తలుపు వేసినాను, నీ మాత్ర టిఫిన్ తిన్నాక వేసుకో అన్నాను.

 అమ్మకు మోకాళ్ల నొప్పి. కుర్చీ చేతులు పట్టుకుని, మెల్లగా లేస్తోంది. సాయం చేయబోతే వద్దని చెయ్యి ఊపింది. పూర్తిగా లేచి, ద్వారబంధం పట్టుకుని, నడుము వీలైనంత నిలబెట్టి, అప్పుడు చెప్పింది.

“తీసుకొన్నాను. పో.”

వీధి మలుపు దగ్గర వెనక్కి చూశాను. అమ్మ ఇంకా నిలబడే ఉంది.